ఐదో ఫ్లోర్ అమెరికా అంకుల్, ఆంటీ గురించి

అందరికీ నమస్తే అండి, ఐదో ఫ్లోర్‌లో కొత్తగా దిగిన అమెరికా పెద్దాయన, ఆవిడ ఎవరని చాలామంది అడుగుతున్నారు, వాళ్ళు మార్మన్ చర్చి (అమెరికాలో మొదలైన ఒక క్రైస్తవ శాఖ) తరఫున వచ్చిన సీనియర్ మిషనరీలు, జీతం ఉండదు, ఖర్చులు చాలావరకు సొంత డబ్బులే. అదే చర్చి తరఫున టై కట్టుకుని ఇద్దరిద్దరుగా తిరిగే 18, 20 ఏళ్ళ మిషనరీ కుర్రాళ్ళకున్నంత గట్టి టైమ్‌టేబుల్ వీళ్ళకి లేదు, ఆ పిల్లల అద్దె ఇళ్ళు చూసి రావడం, ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే కనుక్కోవడం, ఆఫీసు లెక్కలు, ఇవే పనులు, ఆదివారం చర్చి. టీ, కాఫీ రెండూ తాగరు, వాళ్ళ మతంలో నియమం, మర్యాద కోసం బలవంతం చెయ్యకండి, మజ్జిగైతే ఆవిడ రెండో గ్లాసు కూడా అడుగుతారు 😄 పొద్దున్నే మనవలతో వీడియో కాల్‌లో ఉంటారు, అక్కడ అప్పుడు రాత్రి కదా, ఆ టైమ్‌లో బెల్ కొట్టొద్దు. అన్నట్టు వాటర్ ట్యాంకర్ డబ్బులు వాళ్ళు ఇచ్చేశారు, మనవాళ్ళే కొంతమంది ఇంకా ఇవ్వాలి.