స్కార్‌బరోను చదివిన సంవత్సరం: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఈ ఏటి అధ్యయనాంశాన్ని తేల్చుకోవడానికి చాలాసేపు పట్టిందని మీకు గుర్తుండే ఉంటుంది. పేరున్న పెద్ద క్లబ్బును తీసుకుందామని ఎక్కువమంది కోరారు. చివరికి ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరంలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న స్కార్‌బరో అనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఓటు పడింది. ఆ క్లబ్బు పేరు ఎక్కడ వినిపించినా అది వేరే ఊరి ఆనందగాథలో ఓడిపోయిన పక్షంగానే వినిపిస్తుంది. ఆ కథను స్కార్‌బరో వైపు నిలబడి చదవాలన్నది ఈ ఏడాది మనం పెట్టుకున్న పని.

కాబట్టి మొదటి సమావేశం 1999 మే 8తోనే మొదలుపెట్టాం. ఫుట్‌బాల్ లీగ్ అట్టడుగు డివిజన్‌లో అది చివరి రోజు. కిందికి దిగిపోవాల్సింది ఒక్క జట్టే. స్కార్‌బరో సొంత మైదానంలో పీటర్‌బరోతో 1-1తో డ్రా చేసుకుంది. దిగిపోయే ప్రమాదంలో ఉన్న మరో జట్టు కార్లైల్ కూడా ప్లిమత్‌తో 1-1 మీదే ఉంది. లెక్క అలాగే ముగిస్తే స్కార్‌బరో బతికినట్టే. మ్యాచ్ అయిపోయింది, జనం మైదానంలోకి దిగి ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. అటు కార్లైల్‌లో ఇంజురీ టైమ్ ఇంకా నడుస్తోంది. కార్నర్ కిక్ కోసం ముందుకు పరుగెత్తిన కార్లైల్ గోల్‌కీపర్ జిమ్మీ గ్లాస్, స్విండన్ నుంచి లోన్‌పై వచ్చినవాడు, బంతిని వలలోకి కొట్టాడు. కార్లైల్ నిలిచింది, స్కార్‌బరో లీగ్ బయటకు దిగిపోయింది. ఆ గోల్ దృశ్యాలను ప్రపంచమంతా చూసింది. మన సభ్యుల్లోనూ చాలామందికి అది ముందే తెలుసు. ఆ వార్త రేడియోలో విని స్కార్‌బరో మైదానం మధ్యలో నిలబడిపోయిన మనుషుల గురించి మాత్రం ఎవరమూ ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రోజు మన చర్చ అనుకున్న సమయం దాటి సాగింది. సంవత్సరం మొత్తానికి ఊపు అక్కడే వచ్చిందని నా నమ్మకం.

తరువాతి నెలల్లో వెనక్కి వెళ్ళాం. 1879లో ఆ ఊరి క్రికెట్ క్లబ్బు సభ్యులు ఈ ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించారు. 1898లో సీమర్ రోడ్డులోని అథ్లెటిక్ గ్రౌండ్‌కు మారాక శతాబ్దానికి పైగా అదే దాని ఇల్లు. తొలి దశాబ్దాల మీద మనం ఎక్కువ కాలం గడపలేదు. 1970లు మాత్రం వేరు. లీగ్‌లో లేని జట్ల కోసం పెట్టిన ఎఫ్.ఎ. ట్రోఫీలో ఈ క్లబ్బు ఐదేళ్ళలో నాలుగుసార్లు వెంబ్లీ ఫైనల్‌కు చేరింది. 1973, 1976, 1977 సంవత్సరాల్లో కప్పు గెలిచింది, 1975లో మ్యాట్లాక్ చేతిలో 4-0తో ఓడింది. ఎండాకాలంలో సెలవులు గడపడానికి జనం వచ్చిపోయే ఊరు అది. అలాంటి ఊరు తానే మూటాముల్లె సర్దుకుని నాలుగుసార్లు లండన్‌కు కదిలిపోవడం ఎంత ముచ్చటైన సంగతో, దాన్ని వివరించిన సభ్యురాలి ముఖంలోనే కనిపించింది.

1987 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అంతకుముందు చిన్న క్లబ్బు ఎంత బాగా ఆడినా లీగ్‌లో చోటు ఆటతో దక్కేది కాదు, లోపల ఉన్న క్లబ్బుల ఓట్లతో దక్కేది. ఉన్నవాళ్ళు ఉన్నవాళ్ళకే ఓటు వేసుకునేవారు. ఆ పద్ధతి పోయి, లీగ్‌కు ఒక మెట్టు కింద ఉన్న కాన్ఫరెన్స్ అనే పోటీలో విజేత నేరుగా పైకి వెళ్ళే నియమం వచ్చిన మొదటి సీజన్‌లోనే నీల్ వార్నాక్ శిక్షణలో స్కార్‌బరో విజేతగా నిలిచింది. తలుపు తట్టకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఆడి గెలిచి ఆ దారిలో లోపలికి నడిచిన తొలి క్లబ్బు అదే. లీగ్‌లో తొలి మ్యాచ్ వుల్వ్స్‌తో 2-2 డ్రా. నా దృష్టిలో ఈ క్లబ్బును గుర్తుంచుకోవాల్సిన సంవత్సరం 1987. దానికి దక్కాల్సిన ఈ పేరును జిమ్మీ గ్లాస్ గోల్ కప్పేసింది.

కప్పు పోటీల విజయాలపై యువ సభ్యులు ఒక పూర్తి సాయంత్రం నిర్వహించారు. 1989లో లీగ్ కప్పులో చెల్సీని వాళ్ళ మైదానంలో 1-1తో నిలువరించి, సొంత ఊళ్ళో 3-2తో ఓడించడం దగ్గర వాళ్ళ ఉత్సాహం ఆగలేదు. 2004లో ఎఫ్.ఎ. కప్పు నాలుగో రౌండులో అదే చెల్సీ మళ్ళీ ఆ ఊరికి వచ్చి, జాన్ టెర్రీ గోల్‌తో 1-0తో గట్టెక్కింది. అప్పటికే స్కార్‌బరో లీగ్ బయట ఉంది, అప్పుల్లోనూ ఉంది.

ఆ అప్పులే క్లబ్బును ముంచాయి. మైదానం అమ్మి బాకీలు తీర్చి, వేరొకటి కట్టుకోవాలని ఆలోచించారు. ఆ స్థలాన్ని క్రీడలకే వాడాలన్న షరతు పత్రాల్లో ఉంది. దారి దొరకలేదు. 2007 జూన్ 20న, సుమారు 25 లక్షల పౌండ్ల బాకీతో, 128 ఏళ్ళ క్లబ్బు మూతబడింది. 2011లో స్టాండ్లను కూల్చేశారు. ఇప్పుడు అక్కడ సూపర్ మార్కెట్ ఉంది. ఆ షరతు మంచిదా చెడ్డదా అన్న చర్చలో మన సభ్యులు రెండుగా చీలిపోయారు. మైదానాన్ని కాపాడటానికి రాసిన మాట మైదానాన్నీ కాపాడలేదు, క్లబ్బునూ కాపాడలేదు. అయినా అలాంటి షరతు ఉండాలనే నేను వాదించాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. తప్పు అప్పులను అంతవరకు పెరగనిచ్చినవారిది.

మూతబడిన కొన్ని రోజులకే అభిమానులు స్కార్‌బరో అథ్లెటిక్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టారు. యాజమాన్యం సభ్యులదే. 1999 దాకా దేశంలో నాలుగో అంచెలో ఆడిన ఊరు పదో అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఊళ్ళో మైదానం లేదు. తీరం వెంబడి దక్షిణాన పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బ్రిడ్లింగ్టన్ క్లబ్బు తన మైదానంలో చోటిచ్చింది. ‘సొంత’ మ్యాచ్ చూడటానికి పొరుగూరికి ప్రయాణం. ఇలా పది సీజన్లు! ఒక సీజన్ అభిమానంతో గడుస్తుంది, రెండోది పంతంతో గడుస్తుంది. పదో సీజన్ దాకా బస్సెక్కినవాళ్ళను ఏ మాటతో వర్ణించాలో నాకు తోచడం లేదు. బడికి వెళ్ళే వయసులో ఆ ప్రయాణం మొదలుపెట్టిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాకే ఊళ్ళో మ్యాచ్ చూశారు. 2009లో ఒక మెట్టు, 2013లో ఇంకో మెట్టు పరాయి మైదానం నుంచే ఎక్కారు. 2017లో సొంత ఊళ్ళో కొత్త మైదానానికి తిరిగివచ్చారు. షెఫీల్డ్ యునైటెడ్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌తో తలుపులు తెరిచారు. 2018లో ఒకసారి, 2022లో మరోసారి పైకి ఎక్కి ఆరో అంచె అయిన నేషనల్ లీగ్ నార్త్‌కు చేరారు.

మన అధ్యయనం ఇక్కడితో ముగించవచ్చని అనుకున్నాం. కానీ 2025లో కృత్రిమ పచ్చిక కింద తలెత్తిన సమస్య వల్ల ఆ కొత్త మైదానమూ మూతబడింది, జట్టు మళ్ళీ బ్రిడ్లింగ్టన్ దారి పట్టింది. ఆ వార్త చదివి వినిపించినప్పుడు సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక సంఘం వ్యవహారాలు. సమావేశాల సారాంశాలన్నీ చక్కగా శుద్ధప్రతి చేసి సభ్యులకు పంపాం. క్లబ్బు లీగ్ అంచెల్లో పైకీ కిందికీ కదిలిన తీరును చూపే గోడపటం పూర్తయింది. తయారుచేసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. అభిమానుల యాజమాన్యంలోని క్లబ్బులపై తలపెట్టిన చిన్న పుస్తకం పూర్తి కాలేదు. ఆ ఆలస్యానికి బాధ్యత కార్యదర్శిగా నాదే. కోశాధికారి సిద్ధం చేసిన జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాం, సందేహాలుంటే సమావేశానికి ముందే రాసి పంపండి.

వచ్చే ఏటికి కార్యవర్గం ప్రతిపాదన ఒక్కటే: వేరే అంశానికి మారకుండా, స్కార్‌బరో అథ్లెటిక్ సొంత మైదానానికి తిరిగి చేరేదాకా ప్రతి సమావేశంలో మొదటి పది నిమిషాలు ఆ జట్టు ఫలితాలకే కేటాయించడం. దీనిని ఓటుకు పెడుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి