అడగాల్సింది కొట్టకముందు, కొట్టాక కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ క్రీడా పేజీలో పూల్, స్నూకర్ పోటీల ఫలితాలు వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. ఎవరు గెలిచారో, ఎన్ని ఫ్రేములతో గెలిచారో ఉంటుంది. రిఫరీ లేని టేబుల్ దగ్గర మాలాంటి మామూలు వాళ్లు ఫౌల్ మీద ఎలా గొడవపడతారో మాత్రం ఎక్కడా రాయరు. ఆ గొడవ చిన్నది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం. ఒక్క ఫౌల్ మీద మాటా మాటా పెరిగి, నా బావమరిదికీ నాకూ ఏడు నెలలు మాటల్లేవు.

ఆ రోజు ఎయిట్ బాల్ ఆడుతున్నాం, అంటే మన ఏడు బంతులూ వేశాక చివర్న ఎనిమిదో నంబరు నల్ల బంతిని వేసి గెలిచే పూల్ ఆట. సాలిడ్స్, అంటే చారలు లేని ఒకటి నుంచి ఏడు నంబర్ల బంతులు, నావి. ఇంకా మూడు మిగిలాయి. తెల్ల బంతికీ నా ఐదో నంబరు బంతికీ మధ్య సందు చాక్ ముక్క పట్టేంత కూడా లేదు. ఐదో నంబరు మూల పాకెట్‌కు తిన్నగా ఉంది. వంగి, క్యూ (బంతిని కొట్టే కర్ర) నేలబారుగా పట్టుకుని మెల్లగా కొట్టాను. ఐదు పడింది. తెల్ల బంతి దాని వెనకే వెళ్లి పాకెట్ నోటి దగ్గర ఆగింది.

"బావా, క్యూ తెల్ల బంతికి రెండుసార్లు తగిలింది. ఫౌల్" అన్నాడు.

"లేదురా, ఒక్కసారే తగిలింది. నా చేతికి తెలీదా?" అన్నాను.

తను మళ్లీ అదే మాటన్నాడు. నేను గొంతు పెంచాను. పక్కన నిలబడ్డవాళ్లను అడిగితే ఎవరూ చూడలేదన్నారు. చూడమని ముందు ఎవరూ చెప్పలేదు, వాళ్లెందుకు చూస్తారు? చివరికి తను క్యూ గోడకు ఆనించి వెళ్లిపోయాడు. నేను కళ్లెదుటే అబద్ధమాడానని తన బాధ. ఇన్నేళ్ల తర్వాత నన్ను దొంగాట ఆడేవాణ్ని చేశాడని నా బాధ.

నేను 29 ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. సమాన బరువున్న రెండు బంతులు నిండుగా, తిన్నగా గుద్దుకుంటే, వచ్చిన బంతి తన వేగాన్ని దాదాపు అంతా ఆగి ఉన్న బంతికి ఇచ్చేస్తుంది, తను అక్కడే ఆగిపోతుంది. ఈ పాఠం ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. పూల్ బంతులన్నిటి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, బరువులో తేడా బహు స్వల్పం. కాబట్టి తిన్నగా కొట్టినప్పుడు తెల్ల బంతి ఒక్క క్షణమైనా ఆగాలి. పైభాగాన కొట్టి ముందుకు దొర్లే స్పిన్ ఇచ్చినా సరే, తగలగానే తటపటాయించి, గుడ్డ మీద పట్టు దొరికాక మళ్లీ కదులుతుంది. ఆ తటపటాయింపు లేకుండా ముందు బంతిని అదే వేగంతో తరుముకుంటూ పోయిందంటే, దానికి వెనకనుంచి ఇంకో తోపు అందిందన్నమాట. ఆ తోపు క్యూది. క్యూ బరువు బంతికి మూడింతలు. ఒకసారి తాకాక కూడా ముందుకే వస్తుంటుంది. ఎదురుగా సందు లేనప్పుడు ఆగిన తెల్ల బంతిని మళ్లీ అందుకుంటుంది.

చేతికి తెలుస్తుందన్నాను కదా, తెలియదు. క్యూ కొన బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు. అంత తక్కువలో ఒక తాకిడినీ రెండు తాకిళ్లనూ ఏ చెయ్యీ విడదీసి చెప్పలేదు. నేను అబద్ధమాడలేదు, కానీ నేను చెప్పింది నిజమూ కాదు.

ఇది నాకు తట్టడానికి నెలలు పట్టింది. తట్టాక మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి అవే బంతుల్ని అలాగే పెట్టాను. తను ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి తీసింది. ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్ల పైమాటే కనుక రెండో దెబ్బ ఎలాగూ కనపడదు. ఆ తర్వాత జరిగేది మాత్రం కనపడింది. ఐదో నంబరు ఎంత జరిగితే తెల్ల బంతి ఇంచుమించు అంతే జరుగుతోంది, ఎక్కడా ఆగడం లేదు. ఇరవైసార్లు కొట్టి చూశాను. క్యూ నేలబారుగా పెట్టి తిన్నగా కొట్టినప్పుడల్లా అదే వరస. ఆ ఫోన్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, "తప్పు నాదేరా" అన్నాను. తను వీడియో మొత్తం చూసి, "నీదొక్కడిదే కాదు బావా. నువ్వు వంగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అప్పుడే ఆపి ఎవర్నో ఒకర్ని పిలవాల్సింది, పిలవలేదు" అన్నాడు.

నేను మీ పాఠకులకు చెప్పదలచుకున్నది తనన్న ఆ మాటే. రిఫరీ లేని ఆటలో ఫౌల్ అవుతుందేమోనని అనుమానం వచ్చే షాట్ దాదాపు ఎప్పుడూ ముందే తెలిసిపోతుంది. బంతులు దగ్గరగా ఉంటాయి, లేదా రెండు బంతులు పక్కపక్కన ఉండి ఏది ముందు తగులుతుందో అన్నట్టు ఉంటాయి. ఎదుటివాడు కొట్టకముందు "ఒక్క నిమిషం" అని ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషిని పిలిచి నిలబెడితే, ఆ మనిషి మాటే తీర్పు. బంతులు కదిలిపోయాక సాక్ష్యం ఉండదు, మిగిలేవి రెండు గొంతులే. వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్ నియమాలు కూడా తర్వాతి షాట్ మొదలయ్యేలోపు ఎత్తిచూపని ఫౌల్‌ను జరగనట్టే లెక్కేస్తాయి. సరైన బంతీ కాని బంతీ ఒకేసారి తగిలినట్టుండి, ఏది ముందో తేల్చలేకపోతే, సరైనదే ముందు తగిలిందని కొట్టినవాడి పక్షాన తీర్పిస్తాయి.

బంతులు అంటుకుని ఉన్నాయా లేదా అన్నది మరీ ముఖ్యం. పూల్‌లో తెల్ల బంతి మన బంతిని అంటుకునే ఉంటే దాని మీదికి కొట్టొచ్చు, తప్పులేదు. వెంట్రుకవాసి సందు ఉంటే మాత్రం రెండో దెబ్బ ఫౌల్. స్నూకర్‌లో ఇంకోలా ఉంటుంది. అక్కడ అంటుకున్న బంతిని కదిలించకుండా తెల్ల బంతిని పక్కకు కొట్టాలి. స్నూకర్ నుంచి వచ్చినవాడూ పూల్ ఒక్కటే ఆడినవాడూ ఎదురైతే, ఇద్దరూ నియమం ప్రకారమే మాట్లాడుతూ ఇద్దరూ కొట్టుకునే పరిస్థితి వస్తుంది. కుషన్ (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు అంచు) సంగతీ అంతే. తెల్ల బంతి మన బంతిని తాకాక ఏ బంతీ పాకెట్‌లో పడకపోతే, ఏదో ఒక బంతి కుషన్‌కు తగలాలి. ముందే కుషన్‌ను ఆనుకుని ఉన్న బంతి, ఉన్నచోటే మళ్లీ ఒత్తుకుంటే లెక్కలోకి రాదు. అయితే అది ఆనుకుని ఉందని షాట్‌కు ముందే చెప్పి ఉండాలి. ఇక్కడా ముందే.

నల్ల బంతి దగ్గర గొడవలు వేరే రకం. నల్ల బంతికి గురిపెడితే అది పడకుండా తెల్ల బంతి ఒక్కటే పాకెట్‌లో పడిందనుకోండి. ఆట పోయినట్టే అని చాలా టేబుళ్ల దగ్గర నమ్మకం. ప్రపంచ నియమాల్లో అది మామూలు ఫౌలే, ఎదుటివాడికి బాల్ ఇన్ హ్యాండ్ (తెల్ల బంతిని చేత్తో పెట్టుకుని కొట్టే అవకాశం) వస్తుంది, ఆట సాగుతుంది. రెండూ కలిసి పడితేనే ఓటమి. ఆ బాల్ ఇన్ హ్యాండ్ కూడా టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చని కొందరు, ఆట మొదలుపెట్టే బ్రేక్ షాట్ కొట్టే గీత వెనకే పెట్టాలని కొందరు, ఫౌల్‌కు రెండు షాట్లు ఇవ్వాలని ఇంకొందరు. వీళ్లలో మోసగాళ్లెవరూ లేరు. ఒక్కొక్కరూ ఒక్కోచోట నేర్చుకున్నారు. బ్రేక్‌కు ముందు రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తెగిపోయే విషయాలివి. చొక్కా చెయ్యి తగిలి వేరే బంతి జరిగితే ఫౌలా, లేక తెల్ల బంతిని తాకితేనే ఫౌలా అన్నది కూడా అప్పుడే అనుకోవాలి.

ఇప్పుడు మేమిద్దరం మళ్లీ ఆడుతున్నాం. మొన్న తెల్ల బంతి, తన పదకొండో నంబరు అతుక్కున్నట్టే ఆగాయి. తను క్యూ పక్కన పెట్టేసి "బావా, ఇలా రా" అన్నాడు. ఇద్దరం గడ్డాలు టేబుల్ అంచుకు ఆనించి చూశాం. బంతుల మధ్య సన్నటి వెలుతురు గీత. "అంటలేదు" అన్నాడు తనే ముందు. క్యూ కాస్త పైకెత్తి, తిన్నగా కాకుండా కోణం మార్చి కొట్టాడు. పదకొండు పడలేదు.

నా మనవి ఒక్కటే. ఈ నియమాలు చాలావరకు ఇంగ్లీషులోనే దొరుకుతున్నాయి. టేబుల్ దగ్గర నిలబడే కుర్రాళ్లు విని నేర్చుకున్నవే తప్ప చదివి నేర్చుకున్నవి తక్కువ. మీ క్రీడా పేజీలో ఒక మూల, వారానికొక ఫౌల్ చొప్పున, బొమ్మ వేసి తెలుగులో వివరిస్తే కత్తిరించి గోడకు అంటించుకుంటాం. మొదటి వారం మా గొడవకు కారణమైన ఈ రెండో దెబ్బ ఫౌల్‌తో, అంటే డబుల్ హిట్‌తో మొదలుపెట్టండి. బొమ్మలో సందు ఎంతుందో, కొట్టాక తెల్ల బంతి ఎక్కడ ఆగాలో స్పష్టంగా కనిపించేలా గీయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు