రికార్డు చేతికొచ్చాకే డబ్బులు

అందరికీ నమస్కారం. ఇక్కడ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో డిసెంబర్ కదా, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోతోంది. పాటల వినైల్ రికార్డులు అమ్మే నా షాపులో లైట్లు వేసుకుని, ఈ ఏడాది లెక్కలు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. కొత్త రికార్డుల సంగతులు చాలానే ఉన్నాయి. అంతకంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఇకనుంచి ప్రీ-ఆర్డర్లకు ముందుగా డబ్బు తీసుకోను.

ఎందుకో దాచకుండా చెప్తాను. 2025 ఏప్రిల్ 25న ఘోస్ట్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ 'స్కెలెటా' వచ్చింది. వీళ్లది మన స్వీడన్‌లోని లిన్‌షోపింగ్. అమెరికాలో ఆల్బమ్‌ల వారపు పట్టిక బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి చేరిన వీళ్ల తొలి ఆల్బమ్ ఇదే. మొదటి వారం అక్కడ అమ్ముడైన కాపీల్లో సగానికి పైగా వినైలే. అంత గిరాకీ ఉంటుందని తెలిసే, మార్చిలోనే మీలో 38 మంది దగ్గర డబ్బు తీసుకున్నాను. తీరా విడుదల రోజుకు డిస్ట్రిబ్యూటర్ పంపినవి 22. మిగతా 16 మంది జూన్ దాకా ఎదురుచూశారు. నలుగురు డబ్బు వెనక్కి తీసుకున్నారు, అది వాళ్ల హక్కు. మీ డబ్బు మూడు నెలలు నా దగ్గర ఉండిపోవడం తప్పు. ఆ తప్పు డిస్ట్రిబ్యూటర్ మీద తోసేయలేను, ఎందుకంటే మీరు నమ్మింది నన్ను.

ఇకపై రికార్డు కావాలంటే పేరు చెప్పండి చాలు. సరుకు షాపులోకి వచ్చి, నేను తీసి చూశాక మీకు మెసేజ్ పెడతాను. అప్పుడు కట్టండి. దీనివల్ల నేను తెప్పించే కాపీలు కొంచెం తగ్గుతాయి. రంగురంగుల లిమిటెడ్ ఎడిషన్లు అన్నీ తేలేను. ఆ ఇబ్బంది ఉంటుంది.

రెండో సంగతి ఇండియా పార్సిళ్లు. మే నెలలో హైదరాబాద్‌కి, విజయవాడకి ఐదు పంపితే రెండు వంగిపోయి చేరాయి. వినైల్ ఎండకు మెత్తబడుతుంది. మూసేసిన వ్యానులోనో గోడౌన్‌లోనో మన మే ఎండలో రెండు రోజులుంటే చాలు, అప్పడంలా అలలు తేలుతుంది. ఇద్దరికీ పూర్తి డబ్బు ఇచ్చేశాను. ఇకపై ఏప్రిల్, మే నెలల్లో ఇండియాకి పంపను. మిగతా నెలల్లో కూడా, మీరు సరేనంటే ప్లాస్టిక్ విప్పి, రికార్డుని లోపలి కాగితం కవర్‌తో సహా బయటకు తీసి, అట్ట కవర్ వెనక పెట్టి ప్యాక్ చేస్తాను. దారిలో కుదుపులకు రికార్డు అంచు అట్టని లోపల్నుంచి చీల్చేస్తుంది, అందుకే ఇలా. సీల్ విప్పని కాపీయే కావాలనేవాళ్లు ముందే చెప్పండి.

ధర కూడా పెరుగుతోంది. 299 క్రోనర్ల (స్వీడన్ కరెన్సీ) రికార్డులు జనవరి నుంచి 319. ఇక్కడ రికార్డు మీద 25 శాతం వ్యాట్ ఉంటుంది, అంటే ఆ 319లో దాదాపు 64 క్రోనర్లు పన్నుకే పోతాయి. ఇండియాకి పంపేవాటిలో ఈ పన్ను ఉండదు, కాబట్టి తగ్గించే బిల్లు వేస్తాను. అక్కడి కస్టమ్స్ సుంకం మాత్రం మీరే కట్టుకోవాలి.

ఇక పాటల్లోకి వద్దాం. ఈ ఏడాది నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది కొత్తది కూడా కాదు, స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ వాళ్ల 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'. 2024 నవంబర్ 22న వచ్చింది. కథ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి రోజులది. ఒక సంపన్నుడు చనిపోతాడు, పిల్లలు వీలునామా వినడానికి ఇంట్లో చేరతారు, అందులోంచి ఒక్కో రహస్యం బయటపడుతుంది. ఎనిమిది పాటల్లో ఏడింటికి పేర్లే లేవు. దస్తావేజులో పేరాల్లాగా 1 నుంచి 7 వరకు అంకెలే. ఆస్తి పంపకాల రోజు ఇంట్లో ఉండే ఆ మౌనం మనకు ఎవరూ వివరించక్కర్లేదు. గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ 2008 ఆల్బమ్ తర్వాత మళ్లీ ఈ ఆల్బమ్‌లోనే గ్రౌల్ చేశాడు, అంటే గర్జించినట్టు పాడాడు. మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 2009లో ఐఐటీ మద్రాస్ సారంగ్ ఉత్సవంలో వీళ్లు వాయించినప్పుడు, విజయవాడ నుంచి ముగ్గురం పినాకిని ఎక్కి వెళ్లాం. ఈ షాపు బీజం అక్కడే పడింది. మీలో ఆ రోజు అక్కడున్నవాళ్లు ఉంటే ఒక మాట రాయండి.

పాప్‌లో గాయని జారా లార్సన్ 'మిడ్‌నైట్ సన్' సెప్టెంబర్ 26న వచ్చింది. అదే పేరున్న పాటకి గ్రామీ నామినేషన్ కూడా దక్కింది. మన పిల్లలు ఎక్కువగా అడుగుతున్నది ఇదే. గాయని రాబిన్ 2018 ఆల్బమ్ 'హనీ' తర్వాత ఏడేళ్లకు నవంబర్‌లో 'డోపమైన్' అనే సొంత పాటతో తిరిగొచ్చింది. ఆల్బమ్ కోసం అప్పుడే డబ్బు పంపిస్తామంటున్నారు. పంపకండి, పేరు రాసుకుంటాను. నార్వే నుంచి గాయని సిగ్రిడ్ మూడో ఆల్బమ్ అక్టోబర్ 24న వచ్చింది, నాలుగు కాపీలున్నాయి.

కాయ్ (KAJ) అనే బృందం గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. ముగ్గురూ ఫిన్లాండ్‌లోని వోరో అనే చిన్న ఊరివాళ్లు, అక్కడ స్వీడిష్ మాట్లాడతారు. ఆవిరి స్నానం మీద సొంత యాసలో పాట కట్టి, స్వీడన్ తరఫున యూరోవిజన్ పాటల పోటీకి వెళ్లి నాలుగో స్థానం తెచ్చారు. 1998 తర్వాత స్వీడన్ అక్కడికి స్వీడిష్ భాషలో పాట పంపడం ఇదే మొదటిసారి. శ్రీకాకుళం యాసలో పాడి ఢిల్లీలో గెలిచినట్టు అనిపించింది నాకు. ఇంగ్లీషులో పాడితేనే ప్రపంచం వింటుందని ఇక్కడివాళ్లు కూడా చాలా ఏళ్లు నమ్మారు. వచ్చే ఏడాది స్వీడిష్, నార్వీజియన్, డేనిష్ భాషల్లో పాడేవాళ్ల కోసం షాపులో ఒక గోడ మొత్తం వదిలేస్తున్నాను. అమ్మకాలు నెమ్మదిగా ఉండొచ్చు. అయినా పెడతాను.

కొత్తగా వచ్చేవాళ్లకు: షాపు ఆండ్రా లాంగ్‌గాతన్‌లో, యార్న్‌తోరియెట్ ట్రామ్ స్టాప్ దగ్గర. 'ఆండ్రా' అంటే స్వీడిష్‌లో 'రెండో' అని, మన ఆంధ్ర కాదు. డిసెంబర్ 23 సాయంత్రం మూసి జనవరి 7న తెరుస్తాను. ఆగస్టులో వచ్చిన రాక్ బ్యాండ్ ది హైవ్స్ ఆల్బమ్ మూడు కాపీలే మిగిలాయి. కావాలంటే మెసేజ్ పెట్టండి, పక్కన పెట్టి ఉంచుతాను.