అగ్నివీర్‌కు వెళ్లే తమ్ముళ్లకు

తమ్ముళ్లూ, అగ్నివీర్ అంటే సాయుధ దళాల్లో నాలుగేళ్ల సర్వీసే. ఆ తర్వాత రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. అందుకే బయటికొచ్చాక ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించండి. కానిస్టేబుల్, ఫైర్‌మన్ లాంటి ఉద్యోగాలకు ఈ అనుభవం బాగా పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్ 2025లో పోలీసు కానిస్టేబుల్, ఫైర్‌మన్ పోస్టుల్లో మాజీ అగ్నివీర్లకు 20 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, వయసులో మూడేళ్ల సడలింపు కూడా. ఈ రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మన నోటిఫికేషన్ పూర్తిగా చదవకుండా, ఎవరో చెప్పారని నమ్మొద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. రిజర్వేషన్ ఉన్నా రాత పరీక్ష తప్పదు. రన్నింగ్ మీకు అలవాటైపోతుంది, పుస్తకమే దూరమవుతుంది. పదో తరగతితో చేరినవాళ్లు సర్వీసులో ఉండగానే ఇంటర్‌కు సమానమైన సర్టిఫికెట్ తెచ్చుకోండి. దయచేసి వదలొద్దు.