చీలిక విప్లవానికి దారి కాదు

సంపాదకులకు,

ఏ దేశంలోనైనా పార్టీల మధ్య వైరం ముదిరితే చాలు, ‘ఇక విప్లవమే’ అనే మాట మొదలవుతుంది. నాకైతే వ్యవహారం తలకిందులుగా కనిపిస్తోంది. జనం రెండుగా చీలడం పాలకులకు రక్షణ కవచం. సగం మంది వీధికెక్కితే మిగతా సగం వారిని దుమ్మెత్తిపోస్తారు. గద్దె చెక్కుచెదరదు.

1979లో ఇరాన్ రాజు షాను కూలదోసినవారిలో మతగురువులు, వామపక్షీయులు, బజారు వర్తకులు, చమురు కార్మికులు ఉన్నారు. ఒకరంటే ఒకరికి పడదు. అయినా షా పోవాలన్న ఒక్క మాట మీద నిలబడ్డారు (ఆ తర్వాత ఎలా కొట్టుకున్నారన్నది వేరే కథ). 2022 జులై 9న కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి అక్కడి ఈతకొలనులో ఈదారు. వారిని అంతదూరం నడిపించింది సిద్ధాంతం కాదు, పెట్రోలుకూ వంటగ్యాసుకూ పడిగాపులు పడ్డ విసుగు. ఆ వరుసల్లో అన్ని పార్టీలకు ఓటేసినవారూ ఉన్నారు.

ఇక తుపాకీ సంగతి, అంటే సైన్యం ఎటు నిలుస్తుందన్నది. 1917లో అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో సైనికులు జనంపై కాల్పులకు నిరాకరించి తిరుగుబాటులో కలిశాకే జార్ చక్రవర్తి గద్దె దిగిపోయాడు. 1989లో బీజింగ్‌లో నిరసనకారులపై కాల్పుల ఆజ్ఞను సైన్యం పాటించింది, ప్రభుత్వం నిలిచింది.

మరి చీలిక ముదిరితే ఏమొస్తుంది? 1936లో స్పెయిన్‌లో సైన్యం కూడా రెండుగా చీలింది. దాదాపు మూడేళ్ల అంతర్యుద్ధం తర్వాత దక్కింది విప్లవం కాదు, 1975లో చనిపోయేదాకా గద్దె దిగని సైనిక నియంత ఫ్రాంకో.

– ఒక పాఠకుడు