ఇంచు పైపుకు మూడు కొలతలు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను తెనాలిలో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం ఇళ్లలో వేసే ప్లాస్టిక్ పైపుల గురించి. నీళ్లు రావడం లేదని మీ పత్రికకు చాలామంది రాస్తుంటారు. గుమ్మం దాకా వచ్చిన నీళ్లు గోడల్లో ఎలా కారిపోతున్నాయో మాత్రం ఎవరూ రాయడం లేదు. అది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి నేను రాస్తున్నాను.

పోయిన ఏడాది మేడ మీద బాత్రూం బాగుచేయించాం. బోరు నుంచి ట్యాంకుకు ఎక్కే పాత బూడిద రంగు పైపు గట్టిగానే ఉందని దాన్ని అలాగే ఉంచి, పై భాగానికి మాత్రం కొత్తగా తెల్ల పైపులు వేయించాం. పాతదీ ఇంచే, కొత్తదీ ఇంచే అని దుకాణంలో చెప్పారు. బిగించేటప్పుడు తెల్ల ఎల్బోలో (మూల తిరిగే చోట పెట్టే ముక్కలో) పాత పైపు కాస్త వదులుగా ఆడింది. ప్లంబర్ పైపులు అతికించే సొల్యూషన్ మందంగా పూసి, ఆరాక ఇంకోసారి పూసి, ఏం కాదు సార్ అన్నాడు. నాలుగు నెలలు నిజంగానే ఏమీ కాలేదు. ఒకరోజు తెల్లవారుజామున మోటారు వేయగానే ఆ ఎల్బో ఊడొచ్చి, ట్యాంకులోకి పోవాల్సిన నీళ్లన్నీ గోడ వెంట దిగి హాల్లో స్విచ్‌బోర్డు దాకా వచ్చేశాయి. మా కోడలు చూసి వెంటనే మెయిన్ ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ఆ మర్నాడు వెర్నియర్ కాలిపర్స్ తీసి కొలిచాను. బూడిద రంగు పైపు బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లు. తెల్ల పైపు 33.4. గీజరుకు వేసిన, వేడినీళ్లకు వాడే మీగడ రంగు సీపీవీసీ పైపు 28.6. మూడూ దుకాణంలో ‘ఇంచు పైపే’. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లని నేను వేలమంది పిల్లలకు చెప్పి ఉంటాను, ఈ మూడింటిలో ఒక్కటీ 25.4 లేదు.

ఎందుకిలా అంటే మూడూ మూడు వేర్వేరు సంప్రదాయాల నుంచి వచ్చినవి. బూడిద రంగువి మన పొలాల్లో వాడే పీవీసీ పైపులు, ఐఎస్ 4985 అనే మన దేశ ప్రమాణం ప్రకారం తయారవుతాయి, వాటి సైజు బయటి వ్యాసాన్ని బట్టి 20, 25, 32, 40 మిల్లీమీటర్లు అని పోతుంది. తెల్లవీ పీవీసీవే, కానీ ఏఎస్‌టీఎం డి 1785 అనే అమెరికా ప్రమాణంతో వస్తాయి, వాటికి పాత ఇనప పైపుల కొలతలు. సీపీవీసీ ఐఎస్ 15778 కిందికి వస్తుంది, ఇళ్లలో వాడే చిన్న సైజులకు రాగి గొట్టాల కొలతలు పెట్టుకున్నారు. ఇదంతా పైపు మీదే అచ్చువేసి ఉంటుంది. కానీ చిన్న అక్షరాల్లో, ఇంగ్లిషులో. కొనేవాళ్లం మనం ఐఎస్ఐ గుర్తు ఉందా అని అడిగి ఊరుకుంటాం. ఆ గుర్తు ఆ వస్తువు నాణ్యత గురించే చెబుతుంది, దాన్ని దేనితో కలపాలో చెప్పదు.

సీపీవీసీ పైపును తెల్ల ఎల్బోలో పెడితే చెయ్యి తగలగానే తేడా తెలిసిపోతుంది, కాబట్టి ఎవరూ ఆ పని చేయరు. అసలు ప్రమాదం 32కూ 33.4కూ మధ్య ఉన్న ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గరే ఉంది, ఎందుకంటే అది చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. 63 మిల్లీమీటర్ల బూడిద రంగు పైపు, రెండించుల తెల్ల పైపు విషయంలో ఇది తిరగబడుతుంది, రెండించుల తెల్లది బయట 60.3 మాత్రమే. అప్పుడు బూడిద రంగు పైపు తెల్ల ఫిట్టింగులోకి (ఎల్బో లాంటి కలిపే ముక్కలోకి) ఎక్కదు, దాంతో పైపునో ఫిట్టింగునో మంట మీద కాల్చి దూరుస్తారు. అలా కాల్చి సాగదీసిన చోట గోడ పలచబడుతుంది, తర్వాత ఒత్తిడికి అక్కడే చీలుతుంది.

సొల్యూషన్ గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని మనం జిగురు అనుకుంటాం. అది రెండు ప్లాస్టిక్ ఉపరితలాలనూ కొద్దిగా కరిగించి ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేస్తుంది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే ఆ పని జరుగుతుంది, మధ్యలో ఖాళీ ఉంటే ఎంత పూసినా అది నింపుడు మాత్రమే. సరైన ఫిట్టింగు లోపల కొంచెం వాలుగా ఉంటుంది. సొల్యూషన్ పూయకుండా పైపును చేత్తో నెడితే లోతులో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య ఎక్కడో ఒకచోట బిగుసుకుని ఆగాలి. ఆగకుండా అడుగు దాకా జారిపోయి లోపల ఆడుతుంటే అది ఆ పైపుకు చెందిన ఫిట్టింగు కాదన్నమాట. దీనికి కాలిపర్స్ అక్కర్లేదు. దయచేసి మీ ఇంట్లో పని జరిగేటప్పుడు పక్కన నిలబడి ఈ ఒక్కటి చూడండి.

సైజు కుదిరినా ప్లాస్టిక్ రకం కుదరకపోవచ్చు. మా వీధిలో ఒకరు గీజరు లైనుకు సీపీవీసీ పైపులే వేయించుకున్నారు, ఖర్చుకు వెనకాడలేదు, కానీ అతికించింది మామూలు పీవీసీ సొల్యూషన్‌తో. ఏడాది తిరగకుండా టైల్స్ వెనక చెమ్మ మొదలైంది. సీపీవీసీ 93 డిగ్రీల వేడి దాకా తట్టుకునేలా తయారైనది, దానికి దాని సొంత సొల్యూషన్ ఉంటుంది, మన దగ్గర ఎక్కువగా పసుపు రంగులో వస్తుంది. బూడిద రంగు మామూలు పీవీసీ పైపు మీద రాసిన ఒత్తిడి 27 డిగ్రీల లెక్క, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ బలం తగ్గుతుంది. కాబట్టి వేడినీళ్ల లైనులో ఒక్క ఎల్బో పీవీసీది పడినా, పీవీసీ సొల్యూషన్ పడినా లైను మొత్తం బలం అంతే. ఆ ఇంట్లో టైల్స్ పగలగొట్టి, గోడ గాడి తవ్వి, మళ్లీ అతికించడానికి పైపులకు పెట్టిన దానికన్నా ఎక్కువైంది.

ఆకుపచ్చ పీపీఆర్ పైపులకు, నల్ల హెచ్‌డీపీఈ పైపులకు ఏ సొల్యూషనూ పట్టదు. పీపీఆర్‌ను 260 డిగ్రీల దగ్గర మిషన్‌తో కరిగించి కలపాలి. హెచ్‌డీపీఈకి కూడా కరిగించడమో, బిగించే కంప్రెషన్ ఫిట్టింగో కావాలి. ఊళ్లలో మంచినీటి కనెక్షన్ నల్ల పైపుతో గుమ్మం దాకా వస్తుంది, అక్కడి నుంచి ఇంటివాళ్లు పీవీసీ కలుపుకుంటారు. ఆ కలిపే చోట సైకిల్ ట్యూబు చుట్టి తీగ కట్టినవి నేను కళ్లారా చూశాను. సరఫరా లేని వేళ పైపులో నీళ్లు వెనక్కి లాగితే ఆ సందుల్లోంచి మురుగు లోపలికి పోతుంది, ఆ నీళ్లే పిల్లలు తాగుతారు.

రకం మారే ప్రతిచోటా మరతో కలపడమే దారి, ఇత్తడి మర ఉన్న అడాప్టర్లు దానికే ఉన్నాయి. ప్లాస్టిక్ మరలోకి లోహపు కుళాయిని తిప్పి బిగిస్తే ప్లాస్టిక్ లోపలి నుంచి విచ్చుకుంటుంది, పగులు ఆ రోజు కనబడదు, నెలల తర్వాత కనబడుతుంది. ఇత్తడి ఎల్బో ఖరీదెక్కువని మామూలుది పెట్టేస్తారు. కుళాయి వచ్చే చోట ఆ పొదుపు చేయకండి.

ఇందులో ప్లంబర్లను తిట్టి ప్రయోజనం లేదు. మా ఇంటికొచ్చిన అబ్బాయి పని మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు, ఆ మేస్త్రి జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపుల కాలం మనిషి. జీఐలో ఇంచు అంటే ఒకటే కొలత, ఎవరి ఫిట్టింగైనా పట్టేది. ఇప్పుడు సామాన్లు మారిపోయాయి, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ వారిని, పరిశ్రమల శాఖ వారిని అడుగుతున్నాను. ప్రతి ఫిట్టింగు మీదా బయటి వ్యాసం మిల్లీమీటర్లలో, అది ఏ పైపుకో తెలుగులో కనిపించేలా వేయించండి. సొల్యూషన్ డబ్బా మీద ఏ ప్లాస్టిక్‌కు పనికిరాదో కూడా పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇంచు పైపు అని అడిగినప్పుడు దుకాణదారు ఏ ఇంచు అని తిరిగి అడగాలి, దానికి గోడకు ఒక చిన్న పట్టిక తగిలించుకుంటే చాలు. కొత్త కుళాయి కనెక్షన్ ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీలు, పంచాయతీలు ఆ నల్ల పైపుకు సరిపోయే అడాప్టర్‌ను కనెక్షన్‌తో పాటే ఇవ్వాలి, అది ఇంటివాళ్లకు వదిలేసే పని కాదు. ఇప్పటికే పనిలో ఉన్న ప్లంబర్లకు ఐటీఐల్లో రెండు మూడు రోజుల శిక్షణ పెట్టి, ఆ రోజుల కూలి కూడా ఇస్తే తప్పకుండా వస్తారు.

ఊడిన ఆ ఎల్బో, కొలిచిన మూడు పైపు ముక్కలు నా దగ్గర దాచి ఉంచాను. ఏ ఐటీఐ వాళ్లు పిలిచినా కాలిపర్స్‌తో సహా తీసుకొచ్చి పిల్లలకు చూపించి వెళ్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి