ఆదరణ కూడికకు మైకు ఎందుకు?

సంపాదకునికి,

క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోయాక ఆ కుటుంబాన్ని ఓదార్చడానికి జరిపే ప్రార్థన కూటమే ‘ఆదరణ కూడిక’. జిల్లా పేజీల్లో దాని ప్రకటనలు తరచూ కనిపిస్తాయి. పోయినవారి ఫొటో, వేదిక, సమయం, వాక్యం చెప్పే దైవసేవకుల పేర్లు నలుగురివో ఐదుగురివో. ఆ పేర్లు లెక్కపెడితే చాలు, కార్యక్రమం ఎంతసేపు సాగుతుందో తెలిసిపోతుంది. ఇంటి ముందు షామియానా, సౌండు బాక్సులు, ప్రసంగం మీద ప్రసంగం, చివర భోజనాలు. ముందు వరుసలో కూర్చోబెట్టిన భార్యనో తల్లినో మాత్రం అంతసేపూ పలకరించేవారుండరు. సంఘాల్లో పరామర్శ పని చూసేవాళ్లం కనుక ఈ పద్ధతి గురించి కొంత చెప్పాలనిపించింది.

యేసు తన శిష్యులకు ఆదరణకర్తను, అంటే పరిశుద్ధాత్మను గురించి చెప్పింది సిలువకు ముందు రాత్రి. ఆయన వెళ్లిపోతున్నాడని వాళ్లు కలవరపడుతున్నారు. ఆదరణకర్త మీతో ఉంటాడు, మీలో ఉంటాడు అన్నాడు (యోహాను 14). ఎడబాటు వేళ ఇచ్చిన మాట అది. పౌలు కొరింథు సంఘానికి రాస్తూ విశ్వాసులే దేవుని ఆలయమన్నాడు. ఈ మాటలు నమ్మేవాళ్లం ఏడుస్తున్న ఇంటికి దేవుణ్ణి మోసుకుపోనక్కర్లేదు. ఆయన అక్కడ ముందే ఉన్నాడు. వెళ్లేవాళ్లకు మిగిలే పని చాలా చిన్నది.

ఆ చిన్న పనిలోనే చిక్కులొస్తాయి. దుఃఖంలో ఉన్న మనిషికి నిద్ర ఉండదు, అన్నం సయించదు, మనసు మొద్దుబారిపోతుంది. ప్రార్థనకు కూర్చుంటే మాట రాదు. దేవుడు దగ్గర్లో ఉన్నట్టే అనిపించదు. అది చూసి ‘విశ్వాసం తగ్గింది, ఉపవాసముండు’ అని చెప్పేవాళ్లున్నారు. ముద్ద దిగనివాళ్లకు ఉపవాసమా! ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు (1 రాజులు 19). 88వ కీర్తన మొదట్నుంచీ మొరే, చివరికి చీకటితోనే ముగుస్తుంది. అయినా అది బైబిల్లో ఉంది. మాట రానివాళ్ల పక్షాన ఆత్మే మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతుంది. ఏమీ అనిపించనంత మాత్రాన ఆయన విడిచిపోయినట్టు కాదని ఆ ఇంట్లో ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాలి.

‘విశ్వాసులు ఏడవకూడదు’ అంటూ 1 థెస్సలొనీకయులు 4:13 చూపిస్తారు. అక్కడ పౌలు వద్దన్నది నిరీక్షణ, అంటే చనిపోయినవారు తిరిగి లేస్తారనే ఆశ, లేనివాళ్ల దుఃఖాన్ని. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా.

కూడికకు ముప్పావు గంట చాలు. ఆ ఇంటివాళ్లు అడిగిన పాట ఒకటి, 23వ కీర్తనో యోహాను 14లో కొన్ని వచనాలో, ఒక్కరే మాట్లాడాలి, అదీ పది నిమిషాలు. ముప్పై మంది కూర్చునే చోట మైకు అక్కర్లేదు. హిందూ బంధువులు వచ్చారు కదా అని సువార్త సభ చేయకండి. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లితో ‘దేవునికి అక్కరైంది, తీసుకుపోయాడు’ అనకండి, ఆ మాటతో ఆమెకు దేవుడంటేనే భయం పట్టుకుంటుంది. ఆత్మహత్య జరిగిన ఇంట్లో కారణాలు అడగకండి. బిడ్డల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంత కాలం బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది.

అసలు కష్టం జనం వెళ్లిపోయాక రాత్రుళ్లు మొదలవుతుంది. ఒంటరిగా మిగిలినవాళ్లకు పెద్ద ప్రార్థనలు నేర్పనక్కర్లేదు. 23వ కీర్తనలోని మాటే, ఊపిరి తీసుకుంటూ ‘నీవు నాకు’, వదులుతూ ‘తోడై యుందువు’ అనుకోమనండి. పడుకునే ముందు ఐదు నిమిషాలు, నడిరేయి మెలకువ వస్తే మరోసారి. మనసు చెదిరితే మళ్లీ మొదలుపెట్టడమే, లెక్క అక్కర్లేదు. ఊపిరిని గమనిస్తే కొందరికి ఆయాసం, కంగారు ఎక్కువవుతాయి. వాళ్లు దాని సంగతి వదిలేసి అదే మాట పైకి మెల్లగా చదువుకుంటే సరిపోతుంది.

సంఘ పెద్దలు చేయాల్సింది ఇంకా ఉంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత ఆలస్య రుసుము, అనుమతులు, తిరుగుడు. పంచాయతీకో మున్సిపాలిటీకో ఒకరు తోడు వెళ్లాలి. మొదటి నెల వారానికొకసారి ఇంటికి వెళ్లాలి. మూడో నెలలో, మొదటి క్రిస్మస్‌కు, ఏడాది నాటికి తప్పకుండా వెళ్లాలి. అందరూ మరిచిపోయే రోజులవే.

ఆరు నెలలు దాటినా ఇంటిపని, ఉద్యోగం సాగక మనిషి కుంగిపోతూనే ఉంటే వైద్యుడికి చూపించాలి. చావాలనే మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. మందులు అవిశ్వాసమనే పెద్దలకు, సువార్త రాసిన లూకా వైద్యుడేనని గుర్తుచేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం. ఆరాధన వేళలు రాసే నోటీసు బోర్డు మీదే దాన్నీ రాసిపెట్టండి.

ఇట్లు,
సంఘ పరామర్శ పనిలో ఉన్న కొందరం,
గుంటూరు